బావగారి ఒంటికన్ను పెట్ట

మా బావగారు పోయారు. ఇవాళ్టికి పదిహేను రోజులు. పోయిన రోజు పొద్దున్నే లేచి కోళ్ళగూడు తలుపు తీసి, నూకలు జల్లి, పెరట్లో నులకమంచం మీద కూర్చున్నారు. నేను టీ గ్లాసు గుమ్మం మీద పెట్టి గాజులు చప్పుడు చేశాను. మామూలుగా ఆ చప్పుడికి దగ్గుతారు. తీసుకుంటానని దాని అర్థం. ఆ రోజు దగ్గలేదు. రెండోసారి చప్పుడు చేశాను. మూడోసారి తలుపు సందులోంచి చూద్దును గదా, పుంజు మంచం మీదికెక్కి ఆయన మోకాలి మీద నిలబడి ఉంది. ఆయన ఒంట్లో ప్రాణం ఉండగా ఆ పెరట్లో ఏ కోడికీ అంత ధైర్యం లేదు.

రైల్వే కాలనీలో చావు కబురు, డ్యూటీకి పిలిచే కాల్‌మాన్ కంటే ముందు పరిగెడుతుంది. ఎండ ఇంటిముందుకి రాకుండానే జనం చేరారు. ఏడవడానికి ఎందరొచ్చారో చెప్పలేను గానీ, పుంజుకోసం వచ్చినవాళ్ళు మాత్రం ముగ్గురు. అందులో ఒకడు ఆఫీసులో పెద్ద గుమాస్తా. మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ధైర్యంగా ఉండాలి" అని, ఆ చెయ్యి ఇంకా తియ్యకుండానే, "ఆ బంగారు పుంజు ఎవరికిద్దామనుకుంటున్నారు? నాకైతే ఆయన జ్ఞాపకంగా ఉంటుంది" అన్నాడు. అప్పటికి పాడె కట్టడానికి వెదుళ్ళు కూడా రాలేదు. ఈ మనిషిని మా బావగారు బతికుండగా గేటు దాటి రానివ్వలేదు. ఛీ, ఏం మనుషులో!

ఆ ఆదివారం మన తెలుగువాళ్ళ సంఘం సంతాపసభ పెట్టింది. ఆడవాళ్ళం తెర వెనకాల కూర్చున్నాం. కార్యదర్శిగారు కాయితం చూసి చదివారు. మా బావగారు మృదుభాషి అట. అజాతశత్రువట. పక్షిప్రేమికులట. నా పక్కన కూర్చున్న స్టేషను మాస్టారి భార్య నోట్లో చెంగు కుక్కుకుంది, నవ్వు ఆపుకోలేక. సభ అయ్యాక కార్యదర్శిగారు మా ఆయన్ని పిలిచి, సంఘం సంచికలో వెయ్యడానికి ఇంట్లోవాళ్ళెవరైనా నాలుగు మాటలు రాసివ్వమన్నారు. మా ఆయనకి సెలవు చీటీ రాయడమే గగనం. అంచేత నేను రాస్తున్నాను. అచ్చు వేస్తే వెయ్యండి, లేకపోతే మానండి. ఆ మూడు మాటలూ అబద్ధమని మాత్రం చెప్పకుండా ఉండలేను.

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, గూడ్సు బండి గార్డు. భార్య పురిట్లో పోయింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. నేను కాపరానికి వచ్చేసరికే ఆయనా, మా అత్తగారూ, ఆయన కోళ్ళూ ఈ క్వార్టర్లో స్థిరపడి ఉన్నారు. ఆ వరసలోనే నాకు చోటిచ్చారు. నేను ఆఖరిదాన్ని.

మాది విజయనగరం వైపు. అక్కడ మరదలు బావగారి ఎదుట కాస్త ఒదిగి ఉంటుంది గానీ, మాట్లాడకుండా ఉండదు. రాయపూర్ వచ్చాక మా అత్తగారికి ఇక్కడివాళ్ళ పద్ధతి కంటబడింది. ఈ దేశపు ఆడవాళ్ళు మొగుడి అన్న ఎదుట ముసుగు తియ్యరు, పేరు పలకరు, అన్నం పెట్టినా గోడకేసి తిరిగి పెడతారు. వాళ్ళకి జేఠ్ అంటే అంత. "మనం వాళ్ళకంటే తీసిపోయామా ఏటి?" అంది మా అత్తగారు. ఆ రోజునుంచి నాకు ముసుగు పడింది. ఊళ్ళో లేని ఆచారం పరాయి ఊళ్ళో నేర్చుకుని నా నెత్తిన పెట్టి, ఆవిడ రెండేళ్ళకి పోయింది. ముసుగు పోలేదు. అది ఎలా తియ్యాలో నాకూ తెలీలేదు, తియ్యమని ఎలా చెప్పాలో ఆయనకీ తెలీలేదు. పందొమ్మిదేళ్ళు ఒక కప్పు కింద ఉన్నాం. నేను గాజులతో మాట్లాడేదాన్ని, ఆయన కోళ్ళతో మాట్లాడేవారు.

అవును, కోళ్ళతోనే. నాకు చెప్పాల్సిందల్లా పుంజుతో చెప్పేవారు. అన్నం తిని చెయ్యి కడుక్కుని పెరట్లోకి పోయి, వంటింట్లోకి వినబడేలా, "ఏటిరా, ఇవాళ కూరలో సముద్రం పొంగినట్టుంది, చూసీవా?" అనేవారు. మర్నాడు ఉప్పు తగ్గిస్తే, "ఒరే, ఈ ఊళ్ళో ఉప్పు దుకాణాలు మూసేశారేటిరా?" ఆ పుంజు మెడ వంచి వినేది. నాకు ఒళ్ళు మండిపోయేది. నేనేం తక్కువ తిన్నానా? చారు గిన్నెతో చెప్పేదాన్ని. "కొందరి నాలిక్కి నువ్వు సరిపోవే తల్లీ, వాళ్ళు కోడి పెట్టే గుడ్డులోనూ ఉప్పు వెతుకుతారు." పెరట్లో దగ్గు వినబడేది. అది నవ్వో కోపమో ఈనాటికీ తెలీదు. ఇదీ ఆయన మృదుభాష.

ఇక పక్షిప్రేమ సంగతి. మా బావగారికి పక్షులమీద ప్రేమ లేదు. నూటికి తొంభై పక్షులంటే ఆయనకి అసహ్యం. ఆయనకి కావలసింది ఒకే ఒక్క రంగు. మనవైపు దాన్ని అబ్రాసు అంటారు. మెడ మొదలు తోక చివరదాకా బంగారు రంగు. అలాంటి పుంజులు అక్కడక్కడ పుడతాయి గానీ, తోకలో ఎక్కడో ఒక నల్ల ఈక తగలడుతుంది. ఆ నల్ల ఈక లేకుండా, అసీలు జాతి నికార్సుగా, కాలు పొడుగు, మెడ నిటారు, కన్ను తెలుపు ఉండి, తోక కూడా బంగారంగా ఉండే పుంజు తరతరానికీ తప్పకుండా పుట్టాలి. ఇదీ ఆయన జీవితంలో కోరుకున్నది. ఇంకేమీ కోరుకోగా నేను చూడలేదు.

దానికోసం పార్వతీపురం దగ్గర ఎవరో ముసలాయన ఇంటినుంచి ఏడు గుడ్లు తెచ్చారట. గార్డు పెట్టెలో జెండాలూ దీపమూ ఉండాల్సిన చోట ఊక పోసి, తన ఉన్ని మఫ్లరు చుట్టి, గుడ్లు పెట్టుకుని, బండి కుదిపినప్పుడల్లా పెట్టె ఒళ్ళోకి తీసుకుని కూర్చున్నారట. వెనక బ్రేకు వ్యానులో గార్డు ఒళ్ళో గుడ్లు పెట్టుకుని ఉన్నాడని తెలియక ముందు ఇంజనువాడు బండి తోలాడు. ఏడింటిలో మూడు పిల్లలయ్యాయి. మా పెరట్లో ఉన్న జాతి అంతా ఆ మూడింటిదే.

ఏ పొదుగులోనైనా పదో పన్నెండో పిల్లలు దిగేవి. మూడు నెలలు పోయాక ఒక్కొక్కదాన్నీ ఒళ్ళో పెట్టుకుని తోక విప్పి చూసేవారు. నల్ల ఈక కనబడగానే కాళ్ళు పట్టి ఎత్తి, "కూర" అనేవారు. అంతే, తీర్పు అయిపోయినట్టే. దాన్ని ఎవరు అడిగితే వాళ్ళకి ఇచ్చేసేవారు. మా లైన్లో ఎన్ని ఇళ్ళల్లో ఆదివారం కూర ఆయన తప్పులతో వండారో లెక్కలేదు. ఈ కార్యదర్శిగారూ తిన్నారు. నచ్చిన పిల్లకి మాత్రం తోకలోంచి ఒక ఈక తీసి, పాత రైళ్ళ టైముటేబులు పుస్తకంలో పెట్టేవారు. ఒక్కో పొదుగుకి ఒక్కో పేజీ. చాలా పేజీలు ఖాళీ.

అజాతశత్రువట! ఆయనతో పేచీ పడనివాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. సంతలో పందేలు ఆడించేవాళ్ళు పుంజునిమ్మని వస్తే, "కాలికి కత్తి కడితే కాకీ గెలుస్తుంది. మీకు కాకి చాలు, పొండి" అని తోలేశారు. పెద్ద బంగళాలోకి కొత్తగా వచ్చిన అధికారి ఒకాయన, పచ్చిక మీద తిరగడానికి బంగారు పుంజు బాగుంటుందని మనిషిని పంపాడు. "పూలకుండీ పెట్టుకోమను. దానికి నూకలు అక్కర్లేదు" అని ఆ మనిషితోనే కబురంపారు మా బావగారు. ఆ వానాకాలమంతా ఆయనకి పనికిమాలిన గూడ్సులే డ్యూటీ పడ్డాయి. తడిసి ముద్దయి వచ్చి, పుంజుతో "చూసీవా, నీ అందం వల్ల నాకు జలుబు చేసింది" అన్నారు.

మరోసారి సర్కారు కోళ్ళ శాఖవాడొకడు సైకిలుమీద వచ్చాడు. బుట్టలో తెల్లటి సీమకోళ్ళు. ఇక మన నాటుకోళ్ళు దండగ, ఇవి పెట్టినన్ని గుడ్లు అవి పెట్టవు అని లైనంతా తిరిగి చెప్పాడు. ఇవి పొదగవుటగా అని మా బావగారు అడిగారు. పొదగవండీ, అదే వీటి గొప్ప అన్నాడు వాడు. మా బావగారు తన పెట్టలవైపు తిరిగి, "వినీరా? పిల్లల్ని మర్చిపోతే మీకూ సర్కారు నౌకరీ ఇస్తారట" అన్నారు. ఆ సైకిలువాడికి తెలుగు రాదు. నవ్వి దండం పెట్టి వెళ్ళాడు.

పుంజును చూడ్డానికి జనం వస్తూనే ఉండేవారు. తెలీబంధా చెరువు అవతలనుంచి కూడా నడిచి వచ్చేవారు. గేటు బయటినుంచే చూసి, వాహ్ వాహ్ అని పోయేవారు. వాళ్ళు పోయాక ఆయన ఉమ్మేసి ఒక మాట అనేవారు. "రంగు చూసినోడు పుంజునడుగుతాడు. తెలిసినోడైతే పెట్టనడుగుతాడు." ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో! పొయ్యి ఊదుకుంటూ విన్నాను, బియ్యం ఏరుకుంటూ విన్నాను. ముసలాయన సణుగుడు అనుకుని ఈ చెవిని విని ఆ చెవిని వదిలేశాను. చెవులున్నాయి గానీ ఏం లాభం?

ఇప్పుడు పెట్ట సంగతి చెప్పాలి.

మా పెరట్లో ఒక ఒంటికన్ను పెట్ట ఉండేది. పిల్లప్పుడు గద్ద తన్నితే కన్ను పోయిందట. బూడిద రంగు. మెడమీద ఈకలు సగం ఊడిపోయి ఎర్రటి తోలు కనబడేది. దాని మొహం చూస్తే అన్నం సయించేది కాదు. పైగా దానికి వంటిల్లు కావాలి. బియ్యం బస్తామీద ఎక్కి కూర్చునేది. చీపురు తీస్తే, ఉన్న ఒక్క కన్నుతోనూ నన్ను ఎగాదిగా చూసి, తీరిగ్గా దిగి వెళ్ళేది. మా అత్తగారు మళ్ళీ పుట్టిందేమో అనుకునేదాన్ని. మా బావగారు దాన్ని ఎప్పుడూ ఏమీ అనలేదు. తిట్టనూ లేదు, మెచ్చుకోనూ లేదు. నూకలు జల్లేటప్పుడు మాత్రం ఒక గుప్పెడు విడిగా, అది ఉన్నవైపు వేసేవారు. కుంటిదానికీ గుడ్డిదానికీ జాలిపడి వేస్తున్నారనుకున్నాను. ఆయన ఎవరిమీదైనా జాలిపడగా నేను చూశానా? ఆ ప్రశ్న కూడా నా బుర్రకి తట్టలేదు.

కిందటేడాది ముందటేడు చలికాలంలో మా బావగారికి ఊపిరితిత్తులకి నెమ్ము పట్టింది. పన్నెండు రోజులు జ్వరం. రైల్వే డాక్టరు సూదులిచ్చి జ్వరం దింపాడు గానీ, మనిషి పక్కకి అంటుకుపోయారు. మంచి కోడిచారు పడితే గాని లేవడు అన్నాడు డాక్టరు. మా ఆయన ఇంట్లో లేరు. ఎక్కడో బండి పట్టాలు తప్పితే బాగుచెయ్యడానికి గ్యాంగుతో పోయారు, నాలుగు రోజులదాకా రారు. ఏ కోడిని కొయ్యాలో అడగాలి. ఎవరిని? తలుపు వెనకాల నిలబడి గాజులు చప్పుడు చేశాను. లోపల దగ్గు వచ్చింది గానీ, అది జబ్బు దగ్గు. "కోడిచారు పెట్టమన్నారు, ఏ పెట్టైతే బాగుంటుందో" అని గోడకి చెప్పాను. గోడ ఏం చెబుతుంది? ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. వెళ్ళి ఎదురుగా నిలబడి, బావగారూ, అని ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. అడగకూడదుగా మరి, జేఠ్ కదా! ఈ దేశంలో పుట్టిన ఆడదైతే ఇంట్లో మనిషి చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఆ ముసుగు విసిరికొట్టి అడిగి ఉండేదేమో. అరువు తెచ్చుకున్న ఆచారం కదా, నేను మరీ గట్టిగా పట్టుకున్నాను.

నేనే తేల్చాను. మంచి రంగువి ఆయనకి మిగలాలి. లేచి కూర్చున్నాక ఆయన చూసుకోవడానికి అవి ఉండాలి. ముసలి పెట్టైతే చారు చిక్కగా వస్తుంది. అంచేత ఒంటికన్నుది. తర్వాత అందరికీ ఇలాగే చెప్పుకున్నాను. ఇందులో సగమే నిజం. మిగతా సగం, దాని మొహం నాకు గిట్టదు.

అంట్లు తోమే ఛత్తీస్‌గఢీ మనిషిని కొయ్యమన్నాను. ఆమె పెట్టను చంకలో పెట్టుకుని, నా మొహంలోకి చూసి, "ఏలాచ్, బాయీ?" అంది. దీన్నేనా అమ్మా, అని. అవును, దాన్నే అన్నాను. ఆమె కత్తి తీసుకుంది.

కోశాక చూస్తే కడుపునిండా పచ్చసొనలు. శెనగగింజంత దగ్గర్నుంచి నిమ్మకాయంత దాకా, వరసగా. ముసలిదయి గుడ్లు మానేసింది అనుకున్నాను. ఏదో పొరపాటు చేశానని అప్పుడే అనిపించింది గానీ, ఏం పొరపాటో తెలీలేదు. తెగిన మెడ ఎలాగూ అతుక్కోదు. మిరియం, అల్లం దంచి వేసి, ఆ సొనలు కూడా బలానికి మంచివని చారులోనే వేసి మరిగించాను. గిన్నె పట్టుకెళ్ళి మంచం పక్కన స్టూలు మీద పెట్టి, ముసుగు సర్దుకుని, తలుపు వెనక్కి వచ్చి నిలబడ్డాను.

ఆయన మోచేతిమీద లేచి గిన్నెలోకి చూశారు. చాలాసేపు చూశారు. చారుమీద ఆ సొనలు తేలుతున్నాయి. తర్వాత కిటికీలోంచి పెరట్లోకి చూశారు. అక్కడ కోళ్ళు గింజలు ఏరుకుంటున్నాయి. ఒకటి తక్కువ. మళ్ళీ గిన్నెవైపు తిరిగి, రెండు చేతులతో ఎత్తుకుని తాగారు. సొనలు ఒక్కొక్కటీ నమిలి తిన్నారు. గిన్నె కింద పెట్టి, ఇంతకాలంలో మొట్టమొదటిసారి తలుపువైపు తిరిగి,

"అమ్మాయ్" అన్నారు.

ఆ గొంతు నాకేసి రావడం ఎప్పుడూ ఎరగను.

"ఉప్పు సరిపోయింది."

అంతే. పడుకున్నారు. నాకు పట్టలేని గర్వం. గిన్నె కడగడానికి తీసుకెళుతూ నీళ్ళకుళాయి దగ్గర ఇద్దరికి చెప్పాను, మర్నాడు నలుగురికి చెప్పాను. మా బావగారు నాతో మాట్లాడారు, నా వంట మెచ్చుకున్నారు అని. నాలాంటి తెలివితక్కువదాన్ని ఈ రాయపూర్లో దీపం పెట్టి వెతికినా దొరకదు.

ఆయన లేచారు. కర్ర పట్టుకుని నడిచారు, తర్వాత కర్ర కూడా వదిలేశారు. ఆ తర్వాత మూడు పొదుగులు దిగాయి. మూడు నెలలు నిండగానే పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని తోక విప్పి చూశారు. నల్ల ఈకలు. ఒకటి కాదు, తోకనిండా. "కూర" అనే మాట కూడా అనలేదు. నిమిరి కింద వదిలేశారు. టైముటేబులు పుస్తకం గూట్లోంచి మళ్ళీ తియ్యలేదు. నా కూరల్లో ఉప్పు గురించి పుంజుతో మాట్లాడటం కూడా మానేశారు. నాకు వంట పట్టుబడింది కాబోలు అనుకున్నాను. చెప్పానుగా, నా తెలివి అలాంటిది.

కిందటి ఎండాకాలంలో జగదల్‌పూర్ వైపునుంచి ఒక ముసలివాడు వచ్చాడు. భుజంమీద గుడ్డ తప్ప చేతిలో ఏమీ లేదు. కోళ్ళు పెంచేవాడే. మా బావగారు మంచం చూపించి కూర్చోమన్నారు. పెరట్లో ఆ మంచం మీద ఇంకో మనిషి కూర్చోగా నేను చూడటం అదే మొదలు. పుంజు వాళ్ళ కాళ్ళమధ్యనే తిరుగుతోంది, ఎండలో భగభగ మెరుస్తూ. ఆ ముసలివాడు దానికేసి ఒకసారి చూసి, తలతిప్పేసి, "గార్డ్ సాబ్, పుంజు సరే. రెండేళ్ళకిందట చూపించారే, ఆ ఒంటికన్ను పెట్ట, దీని తల్లి, అదేది?" అని హిందీలో అడిగాడు.

తలుపు వెనకాల నా చేతిలో చేట ఉంది. గింజలు జారి కింద పడ్డాయి.

రంగు చూసినోడు పుంజునడుగుతాడు, తెలిసినోడు పెట్టనడుగుతాడు. పందొమ్మిదేళ్ళు విన్న మాట అప్పటికి చెవికెక్కింది. పార్వతీపురం గుడ్ల జాతి, ఆ బంగారం, నల్ల ఈక లేని తోక, అంతా ఆ బూడిదరంగు పెట్ట కడుపులోనే ఉంది. ఆ కడుపులో ఉన్నదాన్ని మిరియం వేసి మరిగించింది నేను.

ఇప్పుడు చెబుతారు, అనుకున్నాను. ఎవర్నీ వదలని మనిషి. పెద్ద అధికారినే పూలకుండీ పెట్టుకోమన్న మనిషి. నేనెంత? మా ఇంట్లో ఒక మూర్ఖురాలుంది, చారు పెట్టేసింది, అంటారు. అనాలి కూడా.

"ముసలిదయిపోయింది. చలికి చచ్చిపోయింది" అన్నారు మా బావగారు.

ఆ ముసలివాడు భుజంమీద గుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "అయితే దాని కూతుళ్ళు?" అన్నాడు.

"ఎక్కువ పుంజులే పుట్టాయి. పుట్టిన రెండు పెట్టలూ నక్క పట్టుకుపోయింది. అది ఆ వేసవిలో ఇంకో పొదుగు పెడుతుందిలే అనుకున్నాను."

"మరి ఈ రంగు ఇక అయిపోయినట్టే గదా, గార్డ్ సాబ్?"

"అయిపోతే అయిపోయింది. కోళ్ళే కదా!" అన్నారు.

కోళ్ళే కదా! ఆ మాట ఇంకెవరైనా ఆయన ఎదుట అని ఉంటే కర్ర తీసుకునేవారు. నాకోసం అన్నారు. తలుపు వెనకాల నేనున్నానని, వింటున్నానని ఆయనకి తెలుసు. నా గాజులు చప్పుడయ్యాయి, గింజలు పడ్డ చప్పుడయింది. ఆ జాతిని ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, ముప్ఫై ఏళ్ళు దానికోసం అందరితో పేచీపడి, చివరికి ఒక మాటతో దాన్ని తీసిపారేశారు, నాకు తలవంపు కాకుండా.

ఇంకో ముక్క చెప్పలేదు. ఆ చారు గిన్నె కడగబోతూ అడుగున మిగిలిన రెండు చుక్కలు నాలికమీద వేసుకున్నాను. అందులో ఉప్పు లేదు. ఆ సొనలు చూసిన కంగారులో ఉప్పు వెయ్యడమే మర్చిపోయాను. జ్వరంతో ఆయనకి నోరు చచ్చి తెలియలేదని అప్పుడు అనుకున్నాను. జగదల్‌పూర్ ముసలివాడు వెళ్ళిపోయాక, కింద పడ్డ గింజలు ఏరుకుంటుంటే తెలిసింది, ఆయనకి నోరు చావలేదని.

ఆ తర్వాత చెప్పాలనుకున్నాను, తప్పయిపోయింది బావగారూ అని. టీ పెట్టిన ప్రతిసారీ అనుకున్నాను. గుమ్మందాకా వెళ్ళేదాన్ని. గాజులు చప్పుడు చేసేదాన్ని. ఆయన దగ్గేవారు. గ్లాసు పెట్టి వచ్చేసేదాన్ని. ఇలా ఎండలు పోయి వానలు వచ్చాయి, వానలు పోయి చలి వచ్చింది. నాకంటే ఆ పుంజు నయం. దానికైనా ఆయన మోకాలిమీద నిలబడే ధైర్యం వచ్చింది.

పెద్దకర్మ రోజున, ఆయనకి ఇష్టమని ఎండురొయ్యలు వేసి వంకాయకూర వండాను. ఈసారి ఉప్పు నాలుగుసార్లు చూశాను. పెరట్లో నులకమంచం పక్కన ఆకు వేసి అన్నం, కూర పెట్టి అందరూ కాకికోసం నిలబడ్డారు. మా పెరట్లోకి కాకి ఎక్కడొస్తుంది? పుంజు ఉండగా ఏ కాకీ ఆ గోడ దిగదు. గోడమీద నాలుగు కాకులు కూర్చుని అరుస్తున్నాయి. కార్యదర్శిగారు గడియారం చూసుకుంటున్నారు. అంతలో పుంజు మెల్లిగా నడుచుకుంటూ వచ్చి ఆకు ముందు నిలబడింది. "హుష్! తోలండి, అపచారం!" అని పెద్ద గుమాస్తా కండువా విదిలించాడు. ఇంతకుముందు దాన్ని జ్ఞాపకంగా ఉంచుకుంటానన్న మనిషే.

"ఉండనివ్వండి" అన్నాను.

అంతమంది మగవాళ్ళ ఎదుట నా గొంతు వినబడటం అదే మొదలు. మా ఆయన బిత్తరపోయి చూశారు. ముందుకు వచ్చి, తలమీద చెంగు తీసేసి భుజాన వేసుకున్నాను. పుంజు కూరలో ఒక పోటు పొడిచి, తల ఎత్తి, మెడ వంచి, ఒక కన్నుతో నాకేసి చూసింది. నేను దానితో మాట్లాడలేదు. ఖాళీ మంచంవైపు తిరిగి అడిగాను.

"ఉప్పు సరిపోయిందా, బావగారూ?"